గీత దాటని ముల్లు

వెన్నెలగనిలో ఇంటికి చుట్టం వస్తే కాళ్లకు నీళ్లివ్వరు. అక్కడ నీళ్లు అంత చవక కాదు. గుమ్మం పక్కన వేలాడే, దుమ్మును పీల్చే దుమ్ముగొట్టం అందుకుని, వచ్చినవాళ్లను భుజాల నుంచి మడమల దాకా ఇంటివాళ్లే దులిపి లోపలికి తీసుకుపోతారు. చంద్రుడి మీది దుమ్ము మన వీధి దుమ్ములాంటిది కాదు. గాలీ వానా ఎరగని నేల కావడంతో ఏ రేణువుకూ అంచు అరగదు. ఒకసారి ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే గీరుకుంటూ అక్కడే ఉండిపోతుంది. అందుకే ఆ ఊళ్లో దులపడమంటే మర్యాదా వైద్యమూ రెండూను. గొట్టం తీయకుండా మనిషిని గుమ్మంలోనే నిలబెట్టారంటే, నీకూ మాకూ చెల్లు అని ముఖం మీదే చెప్పినట్టు.

2094లో డాక్టర్ కాత్యాయని ఆ ఊళ్లో దిగిన రోజున కొమురవ్వ ఆమెను అలాగే నిలబెట్టింది.

కాత్యాయని నాడీశాస్త్రవేత్త. పుట్టి పెరిగింది కాకినాడలో. తనను పిలిపించింది విచారణాధికారి కాబట్టి రెండు పక్షాలూ తనను ఆదరిస్తాయని అమాయకంగా నమ్మి వచ్చింది.

"మీరు దవాఖాన దిక్కా, మా దిక్కా?" అని కొమురవ్వ తలుపు సగమే తీసి అడిగింది.

"ఎవరి వైపూ కాదమ్మా. నేను నా యంత్రం వైపు," అంది కాత్యాయని నవ్వుతూ.

"అట్లయితె యంత్రాన్నే పంపియ్యుండ్రి మేడమ్. దానితోనే మాట్లాడుత," అని కొమురవ్వ తలుపు వేసేసింది.

ఆమె కోపానికి కారణం లేకపోలేదు. వెన్నెలగనిలో ఉండేవాళ్లు చాలామంది, గోదావరి ఒడ్డు బొగ్గుగనులు మూతపడ్డాక ఇంకో గనిని వెతుక్కుంటూ వచ్చినవాళ్ల పిల్లలూ మనవలూ. చంద్రుడి నేల కింద సొరంగాల్లో ఊరు, దానికీ కింద గని. అక్కడ ఎవరైనా పోతే దహనం కుదరదు. ఆ మంట బతికున్నవాళ్ల ప్రాణవాయువును తినేస్తుంది. బయట పాతిపెడితే శరీరం కరగదు, వేల ఏళ్లు అలాగే పడి ఉంటుంది. అందుకని మట్టిగది అని ఒకటి కట్టుకున్నారు. అందులో సూక్ష్మజీవులు పనిచేసి, ఏడాది తిరిగేసరికి మనిషిని నల్లటి మట్టిగా మారుస్తాయి. ఆ మట్టిని ఇంటివాళ్లు తట్టల్లో మోసుకెళ్లి ఊరితోటలో తమ మడిలో కలుపుతారు. ఆ మడిలో మొలిచిన మొదటి తోటకూరను వాడకట్టుకంతా పంచుతారు. మనిషి పూర్తిగా ఊళ్లో కలిసిపోయాడని అప్పటికిగాని వాళ్ల మనసు ఒప్పుకోదు.

ఆ 'పూర్తిగా' అన్న దగ్గరే గొడవ వచ్చింది.

కొన్నాళ్ల కిందట ఊరి వార్షికోత్సవంలో వైద్యకేంద్రం పెద్ద డాక్టర్ ఫణీంద్ర మాట్లాడాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ సంగతి ముందే చెప్పేయాలి. గనివాళ్లు దుమ్ముజబ్బుతో నడివయసుకు ముందే రాలిపోతున్న కాలంలో వచ్చి, ముక్కుతొడుగులు మార్పించి, ఆ చావులను సగానికి తగ్గించిన మనిషి. ఆ సంతోషంలోనే వేదికెక్కి, కళ్లు చెమ్మగిల్లుతుండగా, "ఈ విజయం మీది. మీరు పెద్దమనసుతో ఇచ్చిన మీ వాళ్ల ఊపిరితిత్తుల వల్లే ఇది సాధ్యమైంది," అని రెండు చేతులూ జోడించాడు.

చప్పట్లు పడలేదు. జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇచ్చినట్టు వాళ్లలో ఒక్కరికీ తెలియదు.

మనిషి పోయిన రోజున అందరూ అద్దం పలక మీద వేలు పెట్టిన మాట నిజం. 'పరీక్ష నిమిత్తం అవసరమైన కణజాలాన్ని వైద్యకేంద్రం ఉంచుకోవచ్చు' అని ఒక గొంతు వినిపించిన మాటా నిజం. కణజాలమంటే రక్తపరీక్ష లాంటిదేదో అనుకున్నారు. ఏడుస్తున్న మనిషి అంతకంటే ఏమనుకుంటుంది? రెండు ఊపిరితిత్తులనూ గొంతుగొట్టంతో సహా తీసి, ఎండ ఎన్నడూ పడని లోయలోని శీతలగదిలో, స్టీలు పెట్టెల్లో గడ్డకట్టించి పెట్టారని ఆ సభలో తెలిసింది. అప్పటికి కొమురవ్వ భర్త ఓదెలు మట్టిగదిలోకి వెళ్లి నెల కూడా కాలేదు.

ఆమె ఊరుకోలేదు. చనిపోయినవాళ్ల కుటుంబాలన్నిటినీ కూడగట్టింది. గనిలోకి దిగే ద్వారం దగ్గర కూర్చుని, షిఫ్టు మారినప్పుడల్లా పోయినవాళ్ల పేర్లు గట్టిగా చదివించింది. పెట్టెలన్నిటినీ రాబోయే సరుకు ఓడలో భూమికి, పెద్ద పరిశోధనాలయానికి పంపబోతున్నారని తెలిశాక ఆ పేర్లు మరీ గట్టిగా వినిపించాయి. పేరు చెప్పి, అర్థమయ్యేట్టు చెప్పి అడగండి. అడక్కుండా తీసుకున్నవి తిరిగివ్వండి. వాళ్ల డిమాండు అంతకుమించి లేదు.

"నా బిడ్డ గూడ గనిలకే పోతది," అంది కొమురవ్వ ఒకసారి ఫణీంద్రతో. "మందు కనిపెట్టుండ్రి, వద్దంటలేను. అడుగుమంటున్న."

"అడిగాం కదమ్మా. మీరు వేలు పెట్టారు," అన్నాడాయన నిజంగానే అర్థంకాక.

భూమి నుంచి దేవసహాయం అనే విశ్రాంత న్యాయమూర్తి విచారణాధికారిగా వచ్చాడు. గుంటూరు మనిషి. నియమం ఎటు లాగితే అటే నడిచే రకం. అందరి మాటలూ ఓపిగ్గా విని, 'అర్థం కాకుండా ఇచ్చిన సమ్మతి సమ్మతి కాదు' అని తేల్చాడు. ఆ రోజు సొరంగాల్లో డప్పులు మోగాయి. ఆ మోతలో, తీర్పు చివర ఆయన కలిపిన ఒక చిన్న వాక్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అర్థం కాని సమ్మతి చెల్లనప్పుడు అర్థం కాని నిరాకరణ కూడా చెల్లదనీ, అటువంటివాళ్ల తరఫున, చిన్నపిల్లల విషయంలో చేసినట్టే, వైద్య మండలి నిర్ణయిస్తుందనీ ఆ వాక్యం.

ఇక అందరినీ మళ్లీ అడిగి, ఎవరికి అర్థమైందో, ఎవరికి కాలేదో తేల్చాలి. దానికోసమే కాత్యాయని తన బోధమాపకంతో దిగింది.

బోధమాపకం చూడటానికి సెలూన్ కుర్చీలా ఉంటుంది. తలమీదికి సన్నటి తీగల వల దిగుతుంది. ఏదైనా మాట విన్నప్పుడు మెదడు ముందు ఆ మాటను పట్టుకుంటుంది, తర్వాత దానికో బొమ్మ కట్టుకుంటుంది, ఆపైన ఆ బొమ్మలో తనను తాను నిలబెట్టి చూసుకుంటుంది. ఈ పనులన్నీ కుదిరితే మెదడులో నిలకడైన విద్యుత్ అల ఒకటి లేస్తుంది. దానికి ఆమె 'బోధతరంగం' అని పేరు పెట్టింది. కుదరకపోతే ఆ అల చెదురుతుంది. అల ఎంత నిలకడగా ఉంటే కుర్చీ వెనకున్న పెద్ద పలక మీద ముల్లు అంత పైకి పోతుంది. ముల్లు ఎర్రగీత దాటితే అర్థమైనట్టు.

ఆ గీతను ఎక్కడ గీయాలన్నది మొదట్లో చిక్కే అయింది. ఉష్ణమాపకానికి మంచునూ మరిగే నీళ్లనూ ఆధారంగా తీసుకున్నట్టు, దీనికి నిస్సందేహంగా అర్థమైన మెదళ్లు కావాలి. అవయవాలు తీయడమంటే ఏమిటో డాక్టర్ల కంటే బాగా ఎవరికి తెలుస్తుంది? వైద్యకేంద్రం డాక్టర్లందరినీ కూర్చోబెట్టింది. ఫణీంద్ర కూర్చున్నాడు. కాత్యాయని కూడా కూర్చుంది. అందరికీ ముల్లు దాదాపు ఒకేచోట, పైన, కదలకుండా నిలిచింది. ఆమె సంతోషంగా అక్కడే గీత గీసేసింది.

వినిపించాల్సిన మాటలను మాత్రం ఈసారి ఫణీంద్ర చేత డొంకతిరుగుడు లేకుండా రాయించింది. చదివింది కూడా ఆయన గొంతే. కుటుంబాల కోరిక ప్రకారం పోయిన మనిషి పేరు ఆ మాటల్లో వినిపించే ఏర్పాటు చేసింది.

మొదట కూర్చున్నది మొండయ్య అనే ముసలాయన. పోయింది ఆయన కొడుకు. తలమీద వల దిగగానే ఫణీంద్ర గొంతు ప్రశాంతంగా వినిపించింది.

"మల్లేశ్ ఛాతీ తెరిచి ఊపిరితిత్తులు రెండూ తీసి, పలచటి పొరలుగా కోసి, భూమి మీది పరిశోధనాలయంలో ఉంచుతాం. తిరిగి ఇవ్వం. దీనికి మీరు ఒప్పుకుంటారా?"

ముల్లు కాస్త లేచి, వణికి, కిందికి పడిపోయింది.

"నేను ఒప్పుకోను," అన్నాడు మొండయ్య.

దేవసహాయం పలకవైపు చూసి కళ్లజోడు సర్దుకున్నాడు. "పెద్దాయనా, మీకు అర్థం కాలేదని యంత్రం చెబుతోంది."

"నాకు సమజైంది సారూ. మంచిగనే సమజైంది. వద్దంటున్న."

"అర్థం కానప్పుడు మీ 'వద్దు' కూడా చెల్లదండీ. మండలి ఏమంటుంది?"

మండలి బల్ల దగ్గర కూర్చున్న యువ డాక్టర్ ప్రణీత్ లేచి, "మండలి సమ్మతిస్తోంది," అన్నాడు. స్టీలు పెట్టె మీద ఓడ ముద్ర పడింది.

అప్పటికి గాని ఆ చిన్న వాక్యం ఎంత పెద్దదో జనానికి తెలిసిరాలేదు. తర్వాత కూర్చున్న తల్లికీ అంతే. ఆమె తర్వాత ఇద్దరు అన్నదమ్ములకూ అంతే. ప్రతిసారీ ముల్లు వణకడం, పడిపోవడం, ప్రణీత్ లేచి అదే మాట అనడం, పెట్టె మీద ముద్ర పడటం. పోరాడి సాధించుకున్న తీర్పు తమ చేతుల్లోంచే తమ మనుషులను లాక్కుపోతుంటే చూస్తూ నిలబడ్డారు. ఒకామె తల గోడకేసి కొట్టుకుంది. చంద్రుడి మీద కన్నీళ్లు తొందరగా జారవు. ఆమె బుగ్గల మీద అవి చాలాసేపు నిలిచే ఉన్నాయి.

కొమురవ్వ వంతు వచ్చింది. నిటారుగా కూర్చుని, ఓదెలు పేరు వినిపించినప్పుడు ఒక్కసారి కళ్లు మూసుకుంది. ముల్లు అందరికంటే కిందికి పోయింది.

"చాతి తెరుస్తరు," అందామె దేవసహాయం కళ్లలోకి చూస్తూ. "రెండూ తీస్తరు. పొరలు పొరలు కోస్తరు. మల్ల ఇయ్యరు. ఒక్క మాటన్న ఇడిసిపెట్టిన్నా? ఇంకేం సమజ్ గావాలె సారూ?"

సభలో కేకలు లేచాయి. దేవసహాయం మొదటిసారి ఇబ్బందిగా కదిలాడు. "మాటలు గుర్తుండటం వేరు, అర్థం కావడం వేరు," అన్నాడు గాని, ఆ ముక్క ఆయనకే రుచించినట్టు లేదు. కొమురవ్వ అభ్యంతరాన్ని నమోదు చేసుకుని, ఆమె పెట్టెకు ముద్ర వేయకుండా మర్నాటికి వాయిదా వేశాడు. ఓడ బయల్దేరేదీ మర్నాడే.

కాత్యాయని యంత్రాన్ని ఊడదీసి తీగతీగా చూసుకుంది. ఎక్కడా లోపం లేదు. మళ్లీ తాను కూర్చుని విన్నది. ముల్లు బాణంలా లేచి గీత దాటి నిలబడింది. యంత్రం నిజమే చెబుతోందన్న ధైర్యం రావలసింది పోయి ఆమెకు భయం వేసింది. ఒక్కరికంటే ఒక్కరికి కూడా అర్థం కాకపోవడం ఏమిటి? షిఫ్టు దిగిన జనం ఇళ్లకు పోతుండగా, వాళ్ల చూపులను తప్పించుకుంటూ వెళ్లి కొమురవ్వ తలుపు తట్టింది.

కొమురవ్వ తలుపు తీసింది గాని గొట్టం తీయలేదు.

"మీకు అర్థం కాలేదని నేననుకోవడం లేదు," అంది కాత్యాయని గుమ్మంలోంచే. "కానీ యంత్రంలో తప్పు కనబడటం లేదు. ఏం చేయాలో నాకు తోచడం లేదు."

"నువ్వు కూసున్నవా అండ్ల?"

"కూర్చున్నా. రెండుసార్లు."

"ముల్లు దాటిందా?"

"దాటింది."

"డాక్టర్లకూ దాటింది."

"అందరికీ."

కొమురవ్వ మామూలుగా, ఇంటి సంగతి అడిగినట్టు అడిగింది. "మీకు ఎవ్వరి పేరు వెట్టి చెప్పిండ్రు బిడ్డా?"

"పేరా... పేరేం లేదు. డాక్టర్లకు వినిపించినప్పుడు ఇంకా పేర్ల ఏర్పాటు చేయలేదు. పేరు నమోదు చేయకపోతే 'మృతుడు' అని వినిపిస్తుంది."

"మృతుడు," అంది కొమురవ్వ. "ఎవ్వలి కొడుకమ్మా ఆయన? ఎవ్వలి మొగడు?"

కాత్యాయని గబగబా సభాశాలకు తిరిగివచ్చింది. అక్కడ ఎవరూ లేరు. పేరు వినిపించే చోట తన తండ్రి పేరు నమోదు చేసింది. ఆయన కాకినాడలో పోయి మూడేళ్లయింది. మీట మీద వేలు పెట్టి, కుర్చీ వైపు చూస్తూ నిలబడింది. వల కిందికి దిగి ఖాళీగా వేలాడుతోంది. ఆమె కూర్చోలేకపోయింది. ఆ పేరు చెరిపేసి, సిగ్గుతో గదికి వెళ్లిపోయింది.

మర్నాడు సభ నిండిపోయింది. ముద్రపడిన పెట్టెలను ఓడరేవుకు తీసుకుపోయే బండి తలుపు దగ్గరే నిలిచి ఉంది. దేవసహాయం గొంతు సవరించుకోకముందే కాత్యాయని లేచింది.

"అయ్యా, యంత్రం సరిగ్గానే ఉంది. నేను గీత గీసిన తీరులో తప్పుందని నా అనుమానం."

"అనుమానమా, రుజువా?"

"అనుమానమే."

ఫణీంద్రకు కోపం వచ్చింది. ఆయన కోపగించుకోవడం ఆ ఊళ్లో చాలామంది అదే మొదటిసారి చూడటం. "అంటే ఏమిటి డాక్టర్ కాత్యాయనీ? మాకు అర్థం కాలేదంటారా? ఇరవై ఏళ్లకు పైగా ఈ చేతులతో చేస్తున్న పని నాకు అర్థం కాలేదా? ఇతరులను అడిగి నేను తప్పించుకోలేదే! నా భార్య వకుళ పోయినప్పుడు ఆమెవి కూడా ఇచ్చాను. ఆ అద్దం పలక మీద నేనే వేలు పెట్టాను. ఆమె పెట్టె కూడా ఆ బండిలోనే ఉంది. ఊరంతటికీ తెలుసు."

అది నిజమే. ఆ మాట ఆయన ఇదివరకూ చాలాసార్లు చెప్పాడు, వినేవాళ్లు ప్రతిసారీ తలవంచారు. వకుళ ఊరితోటను చూసుకునేది. ఆమె అందరిదీ కాబట్టి ఆమె మట్టిని ఒక మడిలో కాకుండా ఊళ్లోని ప్రతి మడిలోనూ ఇంత చొప్పున కలిపారు.

"ఇచ్చిన్నంటున్నరు గద సారూ," అంది కొమురవ్వ. "కూసోండ్రి మరి."

ఫణీంద్ర ఒక్క క్షణమైనా తటపటాయించలేదు. తన యంత్రాన్ని తానే అనుమానిస్తున్న ఈ అమ్మాయికి రుజువు చూపిస్తానన్నట్టు చకచకా నడిచి వెళ్లి కూర్చున్నాడు. వల దిగింది. కాత్యాయని వకుళ పేరు నమోదు చేసింది.

ఆయన గొంతే ఆయనకు వినిపించింది, అదే ప్రశాంతంగా.

"వకుళ ఛాతీ తెరిచి..."

ముల్లు పడిపోయింది. లేవబోయి వణకడం కూడా లేదు. ఒక్కసారిగా అడుక్కి పోయి అక్కడే కొట్టుకుంటోంది. ఫణీంద్రకు పలక కనబడదు, అది ఆయన వెనక ఉంది. ఎదురుగా ఉన్న ముఖాల్లో చూసి తెలుసుకున్నాడు.

"ఇంకోసారి పెట్టండి," అన్నాడు.

"సార్, వద్దు," అంది కాత్యాయని.

"పెట్టమంటున్నాను కదా!"

"వకుళ ఛాతీ తెరిచి ఊపిరితిత్తులు రెండూ తీసి, పలచటి పొరలుగా..."

"ఆపండి!" ఆయన వలను రెండు చేతులతో లాగి పారేశాడు. లేవబోయి లేవలేక అదే కుర్చీలో కూర్చుండిపోయాడు. రాసింది తనే, చదివింది తనే, ఎన్నో ఏళ్లుగా చేస్తున్నదీ తనే. కానీ ఆ ఛాతీ వకుళదని ఇప్పటిదాకా ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఆయన గొంతే చెప్పింది. తలుపు దగ్గరి బండి వైపు చేయి చాపాడు. "ఆ పెట్టె... వకుళ పెట్టె దించండి. అది పంపొద్దు. నేను ఒప్పుకోను."

దేవసహాయం చాలా నెమ్మదిగా మాట్లాడాడు. ఆయనకు బాధగానే ఉంది, కానీ నియమం నియమమే. "డాక్టరుగారూ... తీర్పు ప్రకారం మీకు అర్థం కాలేదు. మీ నిరాకరణ చెల్లదండీ. మండలి చెప్పాలి."

ప్రణీత్ లేచి నిలబడ్డాడు. నిన్నటి నుంచి లేచి ఒకటే మాట చెబుతున్నవాడు. ఆలోచించేలోపే ఆ మాట నోట్లోంచి వచ్చేసింది.

"మండలి సమ్మతిస్తోంది."

అని, తాను ఏమన్నాడో చెవినబడ్డాక, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నాకు అర్థమైంది!" అని అరిచాడు ఫణీంద్ర. "నాకు అర్థమైందయ్యా! ఇప్పుడే అర్థమైంది! వద్దంటున్నాను!"

వెనక వరుసలోంచి మొండయ్య గొంతు వినిపించింది. ఎత్తిపొడుపు లేదు దాంట్లో. జాలిగా అన్నాడు. "నేను గూడ నిన్న గదే అన్న సారూ."

ఫణీంద్ర ఏడ్చాడు. అందరి ముందూ, ఆ కుర్చీలోనే, పెద్దగా ఏడ్చాడు. వకుళ పోయిన రోజున ఆయన ఏడవలేదని చాలామందికి గుర్తుంది. అప్పుడు దాన్ని ధైర్యమనుకున్నారు.

కాత్యాయని చెప్పాల్సింది ఇక పెద్దగా మిగల్లేదు. అయినా చెప్పింది. తన యంత్రం కొలిచింది అర్థం కావడాన్ని కాదనీ, చలించకపోవడాన్నేననీ. మాట మనసులోకి దిగినప్పుడే అల చెదురుతుందనీ, పైపైన పోయినప్పుడు అది నిలకడగా ఉంటుందనీ. పేరులేని శవం గురించి విన్న డాక్టర్లకూ తనకూ అది నిలకడగా ఉంది, ఆ నిలకడనే తాను తెలివి అనుకుని గీత గీసింది. "నిన్న ఇక్కడ కూర్చున్నవాళ్లందరికీ అర్థమైంది. అర్థం కానిది గీత గీసినవాళ్లకే," అని కూర్చుంది. మళ్లీ తల ఎత్తలేదు.

దేవసహాయం తన తీర్పులోని ఆ చిన్న వాక్యాన్ని అక్కడికక్కడే కొట్టేశాడు. బండిలోంచి పెట్టెలన్నీ దించారు. ఒక్కొక్క కుటుంబాన్నీ మళ్లీ పిలిచి, యంత్రం లేకుండా, పేరు పెట్టి అడిగారు. మొండయ్య చాలాసేపు ఆలోచించి తన కొడుకువి తీసుకుపొమ్మన్నాడు. ఇంకా కొందరు ఇచ్చారు. ఎక్కువమంది ఇవ్వలేదు. కొమురవ్వ వద్దంది. ఆమె వద్దన్నాక ఎందుకని ఎవరూ అడగలేదు. ఓదెలు పెట్టెను ఎత్తుకుని, మట్టిగదికి తానే మోసుకుపోయింది.

బోధమాపకాన్ని విప్పి పెట్టెలో సర్దబోతుంటే కాత్యాయనిని కొమురవ్వే ఆపింది. "ఉండనియ్యి. అడగొచ్చెటోళ్లు ముందుగాల కూసోవాలె, వాళ్ల ఇంటోళ్ల పేరు పెట్టుకుని. ముల్లు పడ్డంకనే మమ్ముల అడగమను." ఇప్పటికీ వెన్నెలగని వైద్యకేంద్రంలో ఆ నియమం ఉంది. ఆ నియమం ప్రకారం అందరికంటే ముందు కూర్చున్నది కాత్యాయని. నాన్న పేరు తానే నమోదు చేసుకుంది.

ఓడ వెళ్లిపోయిన కొన్నాళ్లకు కొమురవ్వ తలుపు తట్టిన చప్పుడైంది. తీసి చూస్తే గుమ్మంలో ఫణీంద్ర. రెండు చేతులతో స్టీలు పెట్టెను పట్టుకుని ఉన్నాడు. చంద్రుడి మీద దానికి పెద్ద బరువుండదు, అయినా వంగిపోయి నిలబడ్డాడు.

కొమురవ్వ ఆ పెట్టె వైపూ ఆయన వైపూ చూసింది. గోడకున్న దుమ్ముగొట్టం తీసి, ఏమీ మాట్లాడకుండా ఆయన భుజాలు దులిపింది, వీపు దులిపింది, వంగి మడమలు దులిపింది. పెట్టె మూత మీది దుమ్మును మాత్రం తన కొంగుతో తుడిచింది.

"లోపలికి రాండ్రి సారూ."

ఆయన కూర్చోలేదు. "వకుళకు వేరే మడి లేదమ్మా. ఆమె మట్టి అందరి మడుల్లోనూ కలిసిపోయింది. ఆ కూరలు మనమంతా తినేశాం కూడా. దీన్ని తీసుకెళ్లి ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు." ఎప్పుడూ అలవాటు లేని మాటలు వెతుక్కుంటూ అడిగాడు. "మట్టిగదిలో ఓదెలుగారి పక్కన... రేపు మీ మడిలో... వకుళ ఊపిరితిత్తులకు కొంచెం చోటిస్తారా?"

అడిగేసి నిలబడ్డాడు. జవాబు ఏమొస్తుందో తెలియకుండా ఒక మనిషిని ఒక మాట అడగడం ఆయనకు ఆ ఊళ్లో అదే మొదటిసారి.

కొమురవ్వ ఆయన చేతుల్లోంచి పెట్టెను తీసుకోలేదు. పక్కనున్న స్టూలు జరిపి, దాని మీద పెట్టుకొమ్మని చూపించింది.

"ఆలోచించి చెప్త సారూ," అంది.

"సరేనమ్మా," అన్నాడు ఫణీంద్ర. పెట్టెను స్టూలు మీద పెట్టి, పక్కనే నేల మీద కూర్చున్నాడు.